చెట్లను కెమెరా కదిపి తీస్తే చారలకు బదులు మసక వస్తోంది

ప్రశ్న:
షట్టర్ (కెమెరాలోకి వెలుతురును రానిచ్చే తెర) తెరిచి ఉండగా కెమెరాను కావాలని కదిపి నైరూప్య ప్రకృతి చిత్రాలు తీయాలని ప్రయత్నిస్తున్నాను. నిటారైన చెట్ల గుంపును 1/8 సెకను షట్టర్ స్పీడుతో, కెమెరాను పైనుంచి కిందికి దించుతూ తీస్తే, రంగుల చారలకు బదులు చెయ్యి వణికినట్టుండే మసక ఫోటోయే వస్తోంది. ఎండలో స్పీడు ఇంకా తగ్గిస్తే ఫోటో అంతా తెల్లగా పాలిపోతోంది. లోపం సెట్టింగుల్లో ఉందా, కదలికలో ఉందా?

జవాబు 1:
మసకకు కారణం కదలికే అయి ఉంటుంది. బటన్ నొక్కాక కదపడం మొదలుపెడితే, కెమెరా నిలకడగా ఉన్న ఆ తొలి క్షణంలోనే కొమ్మలూ ఆకులూ గుర్తుపట్టేంతగా నమోదైపోయి, తర్వాతి చారలు వాటిమీద పలచగా పరచుకుంటాయి. కదలిక ముందే మొదలై, దాని నడుమ షట్టర్ తెరుచుకుని మూసుకోవాలి. మూసుకున్నాక కూడా చెయ్యి వెంటనే ఆగకూడదు. స్పీడును 1/2 సెకను దాకా తగ్గిస్తే నెమ్మదిగా, ఒకే తీరున దించడానికి వీలవుతుంది.

అంతకన్నా ముఖ్యమైనది దిశ. మాను పొడవునా కదిపితే దాని అంచులు నిలిచి, బెరడు మీది పగుళ్లు మాత్రమే చారల్లో కరిగిపోతాయి. చెయ్యి కాస్త పక్కకు ఒరిగినా అంచులు చెదిరి, మీరన్న మసకే మిగులుతుంది.

జవాబు 2:
ఎండ సంగతి చెబుతాను. ఐఎస్ఓ (కెమెరా వెలుతురును గ్రహించే స్థాయి) 100, ఎఫ్/16 (లెన్స్ రంధ్రం కొలత; అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది) దగ్గర నిండు ఎండలో సరైన ఎక్స్‌పోజర్, అంటే షట్టర్ తెరిచి ఉండాల్సిన సమయం, సుమారు 1/100 సెకను. 6 స్టాపుల (ఒక్కో స్టాపుకు వెలుతురు సగమవుతుంది) ఎన్‌డీ ఫిల్టర్, అంటే లెన్స్ ముందు పెట్టే ముదురు అద్దం, వెలుతురును 64వ వంతుకు తగ్గిస్తుంది కనుక, అదే ఎండలో అర సెకనుకు పైగా షట్టర్ తెరిచి ఉంచవచ్చు. ఫిల్టర్ లేదని ఎఫ్/22 దాకా వెళ్లడం నాకు నచ్చదు. రంధ్రం అంత చిన్నదైతే సెన్సర్ (చిత్రాన్ని నమోదు చేసే చిప్) మీది దుమ్ము చుక్కలుగా పడుతుంది; అది కెమెరాతోపాటే కదులుతుంది కాబట్టి, చిత్రమంతా కరిగిపోయినా ఆ చుక్కలు మాత్రం స్పష్టంగా తేలి కనిపిస్తాయి (ఈ తరహా చిత్రాల్లో పదునుగా వచ్చేది అదొక్కటే!). ఆకుల సందుల్లోని ఆకాశాన్నీ ఫ్రేములోకి రానివ్వకండి. ఆ తెల్లని చారలు మానుల ముదురు రంగును మింగేస్తాయి.

జవాబు 3:
పై ఇద్దరితో ఏకీభవిస్తూనే లెన్స్ విషయం కూడా చూసుకోమంటాను. వైడ్ లెన్స్‌ను (విశాలమైన దృశ్యాన్ని పట్టేదాన్ని) కిందికి వంచుతున్నకొద్దీ ఫ్రేము అంచుల్లోని మానులు వాలిపోతాయి గనుక, చెయ్యి ఎంత తిన్నగా కదిలినా మధ్యలో చక్కని చారలు, అంచుల్లో మసక వస్తాయి. 70 మిల్లీమీటర్లు, ఆపైన ఫోకల్ లెంగ్త్ (అది పెరిగేకొద్దీ ఫ్రేములో పట్టే దృశ్యం ఇరుకవుతుంది) ఉన్న లెన్స్‌తో ఈ తేడా బాగా తగ్గుతుంది. ఇమేజ్ స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిదిద్దే ఏర్పాటు) కూడా ఆపివేయండి. అది మీ కదలికను సరిదిద్దబోయి చారల్లో వంకరలు తెచ్చే అవకాశం ఉంది. ట్రైపాడ్ సముద్రపు క్షితిజరేఖ వెంట అడ్డంగా తిప్పేటప్పుడు పనికొస్తుంది గానీ, చెట్లకు నేను చేతినే నమ్ముకుంటాను.