మే నెలలో ఎలుగు వేటకి ఐడహో అడవి లోపలికి: వెళ్లొచ్చినవాళ్లు ఏమంటారు?

బెల్‌వ్యూ_బాబు:
అందరికీ నమస్తే. వచ్చే మే నెలలో నల్ల ఎలుగు వేటకి వెళ్దామని ముగ్గురం అనుకుంటున్నాం. వాషింగ్టన్‌లో వసంతకాలం వేటని 2022 నవంబరులో రాష్ట్ర వన్యప్రాణి కమిషన్ ఓటు వేసి ఆపేసింది కదా, అందుకే ఐడహో చూస్తున్నాం. హైవే 12 మీద లోవెల్ ఊరు దాటాక లోక్సా నది పక్కన కారు పెట్టేసి, ప్యాక్ బ్రిడ్జి (మనుషులు, గుర్రాలు దాటే వంతెన) మీదుగా నది దాటి సెల్వే-బిట్టర్‌రూట్ విల్డర్‌నెస్ (వాహనాలు రాకూడని రక్షిత అడవి) లోపలికి పది మైళ్లు నడిచి, అక్కడ ఐదు రోజులు క్యాంప్ వేద్దామని ఆలోచన. జింకల వేట తెలుసు, బ్యాక్‌ప్యాకింగ్ అలవాటే, కానీ రెండూ కలిపి ఎప్పుడూ చేయలేదు. ఇద్దరికి గ్రీన్ కార్డ్ ఉంది, ఒకరు హెచ్ వన్ బీ. ఎప్పుడు వెళ్తే మంచిది, ఎక్కడ చూడాలి, ఏం మోసుకెళ్లాలి, తెలిసినవాళ్లు చెప్పండి.

మిజూలా_శీను:
బాబు గారూ, ముందు ఆ పది మైళ్ల సంగతి తేల్చుకోండి. ఎలుగు దొరకడం ఒక ఎత్తు, దాన్ని బయటికి తేవడం ఇంకో ఎత్తు. ఎముకలు తీసేసినా మాంసం, తోలు, తల కలిపి పెద్ద మగదైతే వంద పౌండ్లు సులువుగా దాటుతుంది, దానికి తోడు మీ టెంటు, తుపాకీ, మిగిలిన తిండి ఎలాగూ ఉంటాయి. విల్డర్‌నెస్ అంటే ఇంజిన్లు ఒక్కటే కాదు, సైకిలు కూడా లోపలికి రాకూడదు, వేట మాంసం లాగే చక్రాల బండి (గేమ్ కార్టు) కూడా తేకూడదు. వీపు మీద మోయాలి, లేదంటే గుర్రాలు, కంచర గాడిదలు ఉండాలి. ముగ్గురు మనుషులకి నాలుగు మైళ్లు చాలు అని నా గట్టి అభిప్రాయం. మే నెలలో పగలు ఎండ తగిలితే మాంసం తొందరగా పాడవుతుంది, ఎలుగుకి కొవ్వు ఉంటుంది, బొచ్చు మందం, లోపలి వేడి బయటికి పోదు, వెంటనే తోలు ఒలిచేసి నీడలో గాలి తగిలేలా వేలాడదీయాలి. రెండు ట్రిప్పులు మోయాల్సి వస్తే పది మైళ్ల దారిలో రెండో ట్రిప్పు పూర్తయ్యేసరికి మూడో రోజు అవుతుంది. దూరం ఎక్కువైనంత మాత్రాన ఎలుగులు ఎక్కువ ఉండవు.

లూయిస్టన్_లత:
శీను గారి మాటకి నా ఓటు. మా ఆయన, నేను ప్రతి ఏడాదీ వెళ్తాం, క్లియర్‌వాటర్ వైపు. ఎక్కడ చూడాలి అంటే దక్షిణానికి తిరిగిన వాలులు చూడండి, మంచు ముందు అక్కడే కరుగుతుంది, గడ్డి ముందు అక్కడే మొలుస్తుంది. గుహల్లోంచి బయటపడ్డ ఎలుగుకి కడుపు ఖాళీ, దొరికే తిండి పచ్చగడ్డి, డాండెలియన్, క్లోవర్, మంచు అంచుల్లో పూసే గ్లేసియర్ లిల్లీ దుంపలు. కొండచరియలు విరిగి చెట్లు లేకుండా పోయిన చోట్లు, పాత కలప రోడ్లు, కాలిపోయి మళ్లీ చిగురించిన వాలులు, ఇవే వాటి మేత బీళ్లు. ఆవు మేసినట్టే తల దించి మేస్తుంది, దూరం నుంచి నల్ల మొద్దులా కనబడుతుంది, మొద్దు కదిలిందా అనిపిస్తే అదే. నేల మీద తాజా పెంట పచ్చగా గడ్డి పీచుతో ఉంటే ఆ వాలు వదలకండి.

పొద్దున్న కంటే సాయంత్రం చూడటమే నాకు ఫలితం ఇచ్చింది, మూడు నాలుగు గంటల నుంచి చీకటి పడేదాకా. నడవడం కాదు, కూర్చోవడం. ఎదురు కొండ మీద కూర్చుని ట్రైపాడ్‌కి బైనాక్యులర్స్ బిగించి, కింద నుంచి పైకి ఒక్కో పట్టీ చూసుకుంటూ పోవాలి. ఎలుగు కళ్లు ఏదో పర్వాలేదు, ముక్కు మాత్రం భయంకరం. ఎండ ఉన్నంత సేపు గాలి కొండ పైకి ఎక్కుతుంది, ఎండ తగ్గగానే కిందికి దిగుతుంది, ఆ మార్పు మొదలయ్యే ముందే దాని దగ్గరికి చేరాలి, లేదంటే ఆ రోజుకి వదిలేసి మర్నాడు చూసుకోవాలి.

సీజన్ తేదీల సంగతి ఒక్కో యూనిట్‌కి (వేట కోసం రాష్ట్రం విడదీసిన ప్రాంతం) ఒక్కోలా ఉంటుంది, రాష్ట్రం వేసే ఈ ఏడాది వేట నిబంధనల పుస్తకమే చూడండి, పాతది పనికిరాదు. మగవి ముందు బయటికి వస్తాయి, పిల్లల తల్లులు ఆఖరున. మే చివరికి వచ్చేసరికి తోలు మీద బొచ్చు రాలడం మొదలవుతుంది. నాకైతే మే రెండు, మూడు వారాలు బాగా నచ్చుతాయి.

బోయిసీ_కిరణ్:
హెచ్ వన్ బీ విషయం ఎవరూ ఎత్తలేదు. నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ, తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఒక మినహాయింపు ఉంది, చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్స్ ఉండాలి. అంటే లైసెన్స్ చేతిలో పడకముందే ప్రాక్టీసుకి స్నేహితుడి తుపాకీ పట్టుకున్నా ఇబ్బందే. గ్రీన్ కార్డ్ వాళ్లకి ఈ గొడవ లేదు. వాషింగ్టన్ చట్టం వేరే ఉంటుంది కాబట్టి ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒకసారి మాట్లాడమనండి, కాగితాల మీదే బతుకు ఆధారపడిన మనిషి ఇందులో ఊహల మీద పోకూడదు. పోనీ అలాస్కా వెళ్దాం అనుకునేరు, అక్కడ అమెరికా పౌరులు కాకుండా, అమెరికాలో స్థిర నివాసం కూడా లేని బయటి దేశాలవాళ్లైతే నల్ల ఎలుగుకి కూడా లైసెన్స్ ఉన్న గైడ్ తప్పనిసరి. ఇంకోటి, 1975 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు ఐడహోలో లైసెన్స్ కొనాలంటే హంటర్ ఎడ్యుకేషన్ చేసి ఉండాలి. ముగ్గురికీ సర్టిఫికెట్లు ఉన్నాయా?

కాలిస్పెల్_వెంకట్:
నేను చెప్పేది ఒక్కటే, గ్రిజ్లీ, అంటే కాల్చకూడని ఇంకో జాతి గోధుమ ఎలుగు. రంగు చూసి కాల్చొద్దు, సైజు చూసి కాల్చొద్దు. నల్ల ఎలుగు పేరుకే నల్లది, దాల్చినచెక్క రంగులో ఉంటుంది, లేత గోధుమ రంగులోనూ ఉంటుంది. భుజం మీద మూపురం ఉందా, పక్క నుంచి చూస్తే ముఖం నుదుటి దగ్గర లోపలికి వంగిందా, చెవులు తలకి చిన్నగా గుండ్రంగా ఉన్నాయా, ముందు కాలి గోళ్లు పొడుగ్గా ఉన్నాయా, ఇవన్నీ కలిపి చూడాలి. మోంటానాలో ఎలుగుల్ని గుర్తుపట్టే పరీక్ష పాసైతేనే ఎలుగు లైసెన్స్ ఇస్తారు. ఆ పరీక్ష ఆన్‌లైన్‌లో ఉంది, ఐడహో వెళ్లేవాళ్లు కూడా రాయండి. మీరు వెళ్లే వైపు గ్రిజ్లీలు స్థిరంగా లేవని ధీమా వద్దు. 2007లో ఐడహోలోనే కెల్లీ క్రీక్ దగ్గర నల్ల ఎలుగు అనుకుని కాల్చింది చివరికి గ్రిజ్లీ అని తేలింది. అలాస్కా, హవాయి కాక మిగిలిన 48 రాష్ట్రాల్లో గ్రిజ్లీ 1975 నుంచి ఫెడరల్ రక్షణలో ఉంది.

అలాగే పిల్లలున్న తల్లి. పిల్లల్ని చెట్టెక్కించి తను ఒక్కతే మేస్తూ ఉంటుంది. కనిపించగానే గురి పెట్టకండి, కనీసం అరగంట చూడండి, చుట్టూ చెట్ల మొదళ్లు, పొదలు వెతకండి. అరగంటలో అది వెళ్లిపోతే పోనివ్వండి.

ఉద్దానం_పిల్ల:
నాకు ఈ చర్చ చదువుతుంటే మనసు ఒప్పడం లేదు. మాది ఉద్దానం. జీడితోటల్లోకి ఎలుగులు వస్తాయి, మనుషులు చచ్చిపోయారు, మా బంధువుల్లోనే దెబ్బలు తిన్నవాళ్లున్నారు. ఐనా ఇక్కడికి వచ్చి కొండెక్కి, దాని జోలికి వెళ్లి చంపడం ఎందుకు? అడుగుతున్నానంతే, తిట్టడం లేదు.

లూయిస్టన్_లత:
అక్కా, అడగాల్సిన ప్రశ్నే. మన దగ్గర ఎలుగు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద షెడ్యూల్ ఒకటిలో, అంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలో ఉంది, ఉండాలి కూడా, వాటికి మిగిలిన అడవి అంతంత మాత్రం. ఇక్కడ నల్ల ఎలుగుల సంఖ్య బాగా ఉంది, రాష్ట్రం సీజన్లు పెట్టి, కొట్టిన ప్రతి ఎలుగు పుర్రె, తోలు పది రోజుల్లో చెక్ చేయించుకుని, ఒక పన్ను పీకి వయసు లెక్క కట్టి వచ్చే ఏడాది నిబంధనలు రాస్తుంది. మా ఇంట్లో ఏడాదికి కావలసిన మాంసం సగం వేట నుంచే. ఐడహోలో ఎలుగు మాంసం తెచ్చుకోవాలన్న నియమం లేదు, ఐనా వదిలేసి వచ్చేవాళ్లతో నేను అడవికి వెళ్లను. నీకు నచ్చకపోతే నీ మాట న్యాయమే, ఇక్కడ కూడా చాలామంది అలాగే అంటారు.

స్పోకేన్_సురేష్:
మాంసం మాట వచ్చింది కాబట్టి, ట్రైకినెల్లా అనే పురుగు గురించి చెప్పాలి. ఎలుగు మాంసం లోపల 160 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటేదాకా ఉడకాలి, థర్మామీటర్ పెట్టి చూడాలి, రంగు చూసి నమ్మకూడదు. ఫ్రీజర్‌లో పెడితే చస్తుందనుకుంటారు, అడవి జంతువుల్లో ఉండే రకం గడ్డకట్టినా చావదు. 2022లో సౌత్ డకోటాలో ఒక కుటుంబం కెనడా ఎలుగు మాంసం 45 రోజులు ఫ్రీజ్ చేసి కబాబ్‌లు కాల్చుకున్నారు, తిన్నవాళ్లలో ఆరుగురికి ఈ పురుగు వల్ల జబ్బు వచ్చింది. అందులో ఇద్దరు మాంసం ముట్టుకోలేదు, దానితో కలిపి కాల్చిన కూరగాయలు మాత్రమే తిన్నారు. మన పద్ధతి మనకి మేలు, ప్రెషర్ కుక్కర్‌లో అల్లం వెల్లుల్లి, ధనియాల పొడి వేసి మెత్తగా ఉడికించాక వేపుడు చేస్తే రుచికి లోటు లేదు. పచ్చి మాంసం తగిలిన కత్తి, పీట వెంటనే కడగాలి.

ఒలిచేటప్పుడు ఇంకో విషయం. ఆ కొవ్వు చేతులకి, కత్తి పిడికి పట్టేసి జారుతుంది, చీకట్లో హెడ్‌ల్యాంప్ కింద చెయ్యి తెగిందంటే ఆ చోట నుంచి ఆసుపత్రి చాలా దూరం. పాత నూలు గుడ్డలు రెండు, గరుకు పిడి ఉన్న కత్తి, కోత తగలని గ్లవ్స్ పెట్టుకెళ్లండి.

మిజూలా_శీను:
నీళ్ల గురించి మర్చిపోయాం. మే చివర్లో, జూన్ మొదట్లో మంచు కరిగి లోక్సా, దానిలో కలిసే వాగులు పొంగి పారుతుంటాయి. నదికి బ్రిడ్జి ఉంటుంది, లోపలి వాగులకి ఉండదు. పగలు కరిగిన మంచు సాయంత్రానికి వాగులోకి వస్తుంది, అందుకే తెల్లవారుజామున నీళ్లు తక్కువ, దాటితే అప్పుడే. నడుము బెల్టు, ఛాతీ పట్టీ విప్పేసి దాటండి, పడితే బ్యాగు వదిలించుకోవచ్చు. వాగుకి అవతల ఎలుగు కనబడితే, వంద పౌండ్ల బరువుతో సాయంత్రం ఆ నీళ్లు దాటగలమా అని ముందే అనుకుని ఉండాలి, దాటలేం అనుకుంటే కాల్చొద్దు. శాటిలైట్ మెసెంజర్ ముగ్గురికీ కలిపి ఒకటైనా ఉండాలి, అక్కడ ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకండి. బేర్ స్ప్రే (మీదికొచ్చే ఎలుగు మీద కొట్టే కారం స్ప్రే) నడుముకి ఉండాలి, బ్యాగులో కాదు.

బెల్‌వ్యూ_బాబు:
అందరికీ చాలా థ్యాంక్స్. ప్లాన్ మారుస్తున్నాం: మే మూడో వారం, రోడ్డు నుంచి నాలుగు మైళ్ల లోపల క్యాంప్, వాగు ఇవతలి వాలులే చూస్తాం, ముగ్గురికీ ఒక్క ఎలుగే. హెచ్ వన్ బీ తమ్ముడు లాయర్‌ని కలిసేదాకా తుపాకీ ముట్టుకోడు, ఈసారికి బైనాక్యులర్స్ పట్టుకుని వస్తానంటున్నాడు. ఒక సందేహం, తోలు బాగు చేయించి ఊళ్లో నాన్నగారికి పంపాలని ఉంది, కుదురుతుందా?

బోయిసీ_కిరణ్:
సూట్‌కేస్‌లో పెట్టుకుపోవడం అస్సలు వద్దు. నల్ల ఎలుగు సైటీస్ (వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది, దేశం దాటించాలంటే ఇక్కడ ఎగుమతి పర్మిట్, అక్కడ దిగుమతి అనుమతి వేరువేరుగా చూసుకోవాలి. తోలు ఇక్కడే ఉంచి నాన్నగారికి ఫోటో పంపండి. అన్నట్టు చెక్ అయ్యేదాకా ఆడా మగా తెలిసే గుర్తు తోలుకే ఉండాలి, ఒలిచేటప్పుడు కోసి పారేయకండి.