980 లేజర్ కొడితే నీలం వస్తోంది, యూవీ మాత్రం రావట్లేదు. గ్లాసులో తప్పా, నాలో తప్పా?

పాలమూరు_పిల్లోడు:
మహబూబ్‌నగర్‌లో ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఫైనలియర్ నాది. ప్రాజెక్టు కోసం థూలియం, ఇటర్బియం అనే రేర్ ఎర్త్ మూలకాలు కలిపి బోరేట్ (బోరాన్ ఆక్సైడ్) గ్లాసు పోశాను, నాలుగోసారికి పగలకుండా వచ్చింది. 980 నానోమీటర్ల డయోడ్ లేజర్ కొడితే చీకట్లో మసగ్గా నీలం కనిపిస్తోంది, 476 దగ్గర చిన్న పీక్ ఉంది, కానీ యూవీ రావాల్సిన 362 దగ్గర ఏమీ లేదు. టైటిల్లో యూవీ ఫైబర్ లేజర్ల కోసం అని రాసేశాం, సబ్మిషన్‌కి మూడు వారాలే టైముంది, టెన్షన్‌గా ఉంది. థూలియం 1 శాతం నుంచి 2కి పెంచితే వస్తదా అన్నా?

గాజుకొలిమి:
పెంచకు తమ్మీ, ఉన్న నీలం కూడా పోతది. అయాన్లు దగ్గరయ్యే కొద్దీ ఒకదాని శక్తి ఇంకోటి గుంజుకుంటుంది, 1 శాతమే ఎక్కువ.

అసలు గొడవ బోరేట్‌తో. నీలానికి మూడు ఫోటాన్లు చాలు, 362కి నాలుగు కావాలి, అంటే అయాన్ మధ్యలోని శక్తి మెట్ల మీద కాసేపు నిలబడాలి. థూలియంలో ఒక ముఖ్యమైన మెట్టుకీ దాని కింది మెట్టుకీ తేడా సుమారు 4300 వేవ్‌నంబర్లు (శక్తిని కొలిచే యూనిట్). బోరేట్ ఫోనాన్, అంటే గ్లాసులోని అణువుల కంపనం మోసే శక్తి ముక్క, 1400 దాకా ఉంటుంది, మూడు ఫోనాన్లతో శక్తంతా వేడైపోతుంది. చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే. జెడ్‌బ్లాన్ ఫ్లోరైడ్ గ్లాసులో ఫోనాన్ 600 లోపే, అదే దూరానికి ఏడో ఎనిమిదో కావాలి కాబట్టి నిలబడుతుంది. 1994లో నియోడిమియం వేసిన అలాంటి ఫైబర్‌లోనే 381 దగ్గర లేజర్ చూపించారు.

అలాగని మీ మఫిల్ ఫర్నేస్‌లో ఫ్లోరైడ్లు కరిగించొద్దు. తేమ తగిలితే గ్లాసు పాడవడం అటుంచు, వచ్చే పొగ ప్రమాదం.

నల్గొండ_వేవ్:
టెల్యూరైట్ (టెల్యూరియం ఆక్సైడ్) గ్లాసు చేద్దామని ఎవరైనా సలహా ఇస్తే వినకు, ఫోనాన్ తక్కువేగానీ 400 దగ్గర్లోనే కాంతిని మింగడం మొదలుపెడుతుంది, లోపల యూవీ పుట్టినా బయటికి రాదు.

నీ కొలిమితోనే అయ్యే పని గడోలినియం, అదీ ఒక రేర్ ఎర్తే. దాని మొదటి మెట్టే 32,000 వేవ్‌నంబర్ల ఎత్తులో ఉంది, బోరేట్ ఫోనాన్లు అంత దూరం దించలేవు. 274 నానోమీటర్ల కాంతితో ఎక్సైట్ చేస్తే 311 దగ్గర సన్నటి గీత వస్తుంది. బొల్లికి చర్మం డాక్టర్లు పెట్టే లైటు కూడా ఆ 311 దగ్గరిదే. కెమికల్స్ మాత్రం ఎల్ఆర్ గ్రేడ్ (మామూలు ల్యాబ్ రకం) వాడకు, అందులోని ఇనుము యూవీని తినేస్తుంది. లేజర్ వచ్చిందని రాయకు, ఎమిషన్ వచ్చిందని రాయి.

మిర్యాలగూడ_వర్క్‌షాప్:
మధ్యలో అడుగుతున్నా ఏమనుకోకండి. మా దగ్గర షీట్ కోసే ఫైబర్ లేజర్ ఒకటి, ప్లాస్టిక్ మీద నంబర్లు వేసే యూవీ మిషన్ ఒకటి ఉన్నాయి. రెండోదాంట్లో మీరనే గ్లాసేనా?

గాజుకొలిమి:
సాధారణంగా కాదన్నా. కోసేదాంట్లో ఇటర్బియం వేసిన సిలికా ఫైబర్, 1070 అటూఇటూ. యూవీ మిషన్లు ఎక్కువగా 1064ని క్రిస్టళ్లలో మూడో వంతుకి కోసి 355 చేస్తాయి. ఫైబర్‌లోనే యూవీ పుట్టిస్తే ఆ కాంతే గాజును మెల్లగా నల్లబరుస్తుంది, ఇబ్బంది అక్కడే. రెండు మిషన్లకూ ఒకే కళ్లద్దాలు పనికిరావు, చూసుకోండి.

పాలమూరు_పిల్లోడు:
మా ల్యాబ్ బీరువాలో గడోలినియం ఆక్సైడ్ అర సీసా దొరికింది, 99.9 అని ఉంది. రేపు పోస్తా. టైటిల్ మార్చడానికి సార్‌ను ఒప్పించడమే మిగిలింది.