స్కిట్‌లో వాచ్‌మన్ ఎప్పుడూ శ్రీకాకుళం వాడే ఎందుకు?

నాగావళి_ఒడ్డున
మా అమ్మాయి విశాఖలో జర్నలిజం చదువుతోంది. టీవీ స్కిట్లు జాతిని, సెలబ్రిటీలను, రాజకీయాన్ని, వార్తలను ఎలా ఆడుకుంటాయో సెమినార్ పేపర్ రాయాలట. అమెరికా వాళ్ల సాటర్‌డే నైట్ లైవ్ క్లిప్పులు నాలుగు రోజులుగా మా ఇంట్లో మోగుతున్నాయి. 1975లో మొదలైన షో, ఇంకా నడుస్తోంది. దేశాధ్యక్షుణ్ణి కూడా వదలరు. నాకు మూడు సందేహాలు. మన స్కిట్లలో రాజకీయ నాయకుడి వేషం ఎందుకంత తక్కువ? మనకు వాళ్లలా నల్ల, తెల్ల గొడవ లేకపోయినా యాస, రంగు, కులం ఉన్నాయి కదా, వాటి మీద జోకులను ఏ లెక్కలో వేయాలి? మూడోది, వార్తలను వెక్కిరించే కార్యక్రమాలు తెలుగులో మీరు చూసినవి ఏవి? ఈ మూడోదే ముఖ్యం, మర్చిపోకండి.

పలాస_జీడిపప్పు
రెండోదానికి నన్నడగండి. 2016లో హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాను. ఆ మధ్యే ఒక స్కిట్‌లో శ్రీకాకుళం వాచ్‌మన్ పాత్ర వచ్చింది. మర్నాటి నుంచి మా టీమ్ లీడ్ నన్ను పేరు పెట్టి పిలవడం మానేశాడు. మీటింగ్‌లో కూడా 'ఏటి బావూ' అనేవాడు. రెండేళ్లు. నేనూ నవ్వేవాణ్ణి, ఏం చేస్తాం. మెల్లగా మాట మార్చుకున్నాను. సంక్రాంతికి ఇంటికొస్తే మా అమ్మ, "ఏట్రా, టీవీలో వార్తలు సదివినట్టు మాట్లాడతన్నావు" అంది. అప్పుడు మాత్రం నవ్వు రాలేదు.
ఇంకో సంగతి. ఆ స్కిట్‌లో వాచ్‌మన్ మూడుసార్లు 'ఆయ్, అలాగేనండి' అన్నాడు. శ్రీకాకుళంలో 'ఆయ్' ఎవడంటాడు? వెక్కిరించేవాడికి ఆ మాత్రం ఓపిక కూడా లేదు.

గంటస్తంభం_గడియారం
'ఆయ్' గోదావరి వాళ్లది. వాళ్లు దానికి 'బేగి' కలిపి ఉత్తరాంధ్ర యాస అంటారు. పైగా 'బేగి' మనొక్కళ్లదే కాదు, గోదావరిలోనూ 'బేగా రా' అంటారు. ఏమైనా ఇది శ్రీకాకుళం గొడవ. మా విజయనగరం భాష వేరు. కన్యాశుల్కం మొట్టమొదట ఆడింది 1892లో, మా ఊళ్లో. ఇంగ్లీషు ముక్కలు పేల్చి బతికేవాళ్లను గురజాడ అప్పుడే ఉతికి ఆరేశారు. స్కిట్ కామెడీ మాకు టీవీ వాళ్లు నేర్పక్కర్లేదు.

ఏడురోడ్ల_టీ
వేరా? 'చేసీసాను', 'వచ్చీసాడు' అని మీరు అనరా? మీ కోట దగ్గర నిలబడి ఓ గంట వింటే తెలుస్తుంది. హైదరాబాద్‌లో బస్సు దిగాక నిన్నూ శ్రీకాకుళం అనే అంటారు బావూ, నీ 1892 ఎవడూ అడగడు.

గంటస్తంభం_గడియారం
'చేసీసాను' అంటాం. 'నాను' అనం.

ఏడురోడ్ల_టీ
మీ తాతగారిని అడుగు.

గంటస్తంభం_గడియారం
తాతల దాకా వెళ్లకండి. మర్యాదగా ఉంటే మంచిది.

పంచ్_రైటర్_మాజీ
అసలు స్కిట్ ఎలా తయారవుతుందో ఇక్కడ ఎవరికీ తెలిసినట్టు లేదు. నేను హైదరాబాద్‌లో మూడేళ్లు స్కిట్లు రాశాను, షో పేరు అడగొద్దు. మాకు ఇచ్చేది ఏడెనిమిది నిమిషాలు. పాత్రను పరిచయం చేయడానికి పది సెకన్లు కూడా ఉండవు. యాస పెడితే ఊరు, పని, జేబులో ఎంత ఉందో అన్నీ ఒక్క మాటలో వచ్చేస్తాయి. వాచ్‌మన్‌కి శ్రీకాకుళం, బాంబులకి సీమ, వెటకారానికి గోదావరి. ఇందులో పగ ఏమీ లేదు, టైమ్ లేక. 'ఆయ్' సంగతంటారా, యాక్టర్‌ది రాజమండ్రి అయితే ఏ యాస రాసిచ్చినా వాడి నోట్లో అదే వస్తుంది.
రాజకీయం గురించి అడిగారు. ఒకసారి ముఖ్యమంత్రి వేషంతో స్కిట్ రాశాను. "సీఎం వద్దు, మంత్రి అని పెట్టు" అన్నారు. పెట్టాను. "మంత్రి కూడా ఎందుకు, సర్పంచ్ చెయ్యి, సర్పంచ్ తరఫున ఎవరూ ఫోన్ చెయ్యరు" అన్నారు. షూటింగ్ నాటికి ఆ సర్పంచ్ కూడా పోయి మామగారయ్యాడు. తెలుగు స్కిట్లలో అల్లుడు మామని ఎందుకంత తిడతాడో ఇప్పుడు అర్థమైందా? ఆ మామల్లో సగం మంది మొదట మంత్రులు.

పలాస_జీడిపప్పు
టైమ్ లేకట. మీకు టైమ్ లేక నేను రెండేళ్లు ఏటి బావూ అయ్యాను.

పంచ్_రైటర్_మాజీ
తమ్ముడూ, నాది నరసన్నపేట. ఆ డైలాగులు రాసినవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. మన యాస రాయడానికి మనకే డబ్బులిస్తారు మరి.

వంశధార77
పలాస తమ్ముడు రాసింది చదివితే అమెరికా నల్ల కమెడియన్ డేవ్ చాపెల్ గుర్తొచ్చాడు. 2003లో కామెడీ సెంట్రల్ చానెల్‌లో అతని షో మొదలైంది. మొదటి ఎపిసోడ్‌లోనే ఒక స్కెచ్: పుట్టుగుడ్డి నల్లవాడు, తాను తెల్లవాణ్ణనుకుని నల్లవాళ్లను తిడుతూ పుస్తకాలు రాస్తుంటాడు. జాతి మీద అంత ఘాటుగా టీవీలో అరుదు. తర్వాత 5 కోట్ల డాలర్ల ఒప్పందం. 2005లో మూడో సీజన్ షూటింగ్ మధ్యలో వదిలేసి దక్షిణాఫ్రికా వెళ్లిపోయాడు. ఒక స్కెచ్ తీస్తుంటే సెట్‌లో ఓ తెల్లవాడు నవ్విన తీరు తనకు తేడాగా అనిపించిందని తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పాడు. జోకు తనదే, రాసింది తనే, కానీ అవతలివాడు నవ్వుతున్నది దేనికో తెలియలేదు. మీ టీమ్ లీడ్ నవ్వూ అలాంటిదే కదా.

పలాస_జీడిపప్పు
అంతేనన్నా. నాకు ఆ 5 కోట్లు లేవు, అందుకే వదిలి రాలేదు.

టెక్కలి_టీచరమ్మ
యాస గొడవ మగవాళ్లదే అయిపోయింది. రంగు మాటెత్తినవాళ్లు లేరు. మా స్కూల్ వార్షికోత్సవంలో పిల్లలు టీవీ స్కిట్ ఒకటి దించారు. పెళ్లిచూపులకు వచ్చిన పిల్ల నల్లగా ఉందని పెళ్లికొడుకు మూర్ఛపోవడం. దానికి ఎనిమిదో తరగతి పాప ముఖానికి బొగ్గు పొడి పూశారు. నేను ఆపించాను. "టీవీలో అంత పెద్దవాళ్లు నవ్వుతున్నారు, మీకేం నొప్పి" అని తల్లిదండ్రులు నా మీదకొచ్చారు. ముందు వరసలో కూర్చున్న పిల్లల్లో ఎందరు ఆ రంగులో ఉన్నారో నాకు కనబడుతోంది, వాళ్లకు కనబడలేదు.
అమెరికా వాళ్లేదో శుద్ధపూసలని కాదు. మా అబ్బాయి అక్కడుంటాడు, వాడు చెప్పాడు: 2008లో అదే సాటర్‌డే నైట్ లైవ్‌లో ఒబామా వేషం వేసిన ఫ్రెడ్ ఆర్మిసెన్ నల్లవాడు కాదు, ముఖానికి రంగు వేసుకుని చేశాడు. 2012లో గానీ జే ఫారోకి ఆ వేషం ఇవ్వలేదు. షోలో నల్ల ఆడపిల్ల ఒక్కతీ లేదని 2013లో గోల జరిగాక, తర్వాతి జనవరిలో సషీర్ జమాటాను తీసుకున్నారు.

ఏడురోడ్ల_టీ
టీచరమ్మగారూ, మంచి పని చేశారు. కానీ మగవాళ్లకు చీర కట్టి ఆడవేషం వేయించడం కూడా ఆ లెక్కలోకే వస్తుందా?

టెక్కలి_టీచరమ్మ
వేషం వేయడంలో తప్పేముంది, మన భాగవతాల్లో మగవాళ్లే సత్యభామ. ఆ వేషం వేసినవాణ్ణి చెంపదెబ్బలు కొడితేనే నవ్వాలనడం నాకు నచ్చదు.

బొబ్బిలి_వీణ
భాగవతం మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. బుర్రకథలో కథకుడికి అటు ఇటు ఇద్దరు వంతలుంటారు. ఒకడి పని హాస్యం, రెండోవాడి పని రాజకీయం. కథ ఏ బొబ్బిలి యుద్ధమో అయినా రాజకీయపు వంత మధ్యలో ఆపి, ఊళ్లో రేషను బియ్యం సంగతి ఎత్తేవాడు. నా చిన్నప్పుడు ఓ ఆటలో ప్రెసిడెంటు ముందు వరసలో కుర్చీ వేసుకుని కూర్చుంటే, అతని ఎదురుగానే అతని మీదే వేశారు. అతను నవ్వక తప్పలేదు, ఊరంతా చూస్తోంది కదా. టీవీ వాళ్లు హాస్యపు వంతను తీసుకెళ్లారు, రాజకీయపు వంతను మనూళ్లోనే వదిలేశారు. ఇప్పుడు గుమ్మెట వాయించేవాళ్లు బొబ్బిలి చుట్టుపక్కల ఎవరైనా మిగిలారా? మా మనవడి బడిలో కార్యక్రమానికి కావాలి.

సిరిమాను_మంగళవారం
రాజాం వైపు ఒక దళం ఉండాలండి, కనుక్కుని చెబుతాను.

చీపురుపల్లి_పాసింజర్
రాజకీయం ఎందుకు లేదో నేను చెబుతాను. జబర్దస్త్ 2013లో మొదలైంది. 2014లో రోజా నగరి ఎమ్మెల్యే అయ్యారు, అయినా జడ్జి కుర్చీలోనే ఉన్నారు. 2022లో మంత్రి అయ్యాకే దిగారు. పక్క కుర్చీలో నాగబాబు 2019లో నరసాపురం నుంచి ఎంపీగా పోటీ చేశారు. రెండు కుర్చీల్లో రెండు పార్టీలు. ఇద్దరి ముందూ నిలబడి రాజకీయ స్కిట్ వేయాలంటే ఎవరి వైపు చూసి వేస్తాడు?

సింహం_సింగిల్
మా నాయకుణ్ణి అనే ముందు మీ నాయకుడి సంగతి చూసుకో. మీవాళ్లు చేసిన

నిర్వాహకుడు
పై వ్యాఖ్యలో మిగతా భాగం తీసేశాను. పార్టీల గొడవకు వేరే చోట్లున్నాయి.

చీపురుపల్లి_పాసింజర్
నేను ఏ పార్టీనీ ఏమీ అనలేదే! ఉన్న మాట చెప్పినా ఇంతే. టీవీలో స్కిట్ ఎందుకు రాదో అడిగినవాళ్లకు ఇదిగో జవాబు కళ్ల ముందే ఉంది.

నాగావళి_ఒడ్డున
అందరికీ ధన్యవాదాలు. అమ్మాయి ఇవన్నీ రాసుకుంటోంది. తను చెప్పమన్న రెండు ముక్కలు. సాటర్‌డే నైట్ లైవ్ మొదటి ఏడాదిలో చెవీ చేజ్ అధ్యక్షుడు ఫోర్డ్‌లా వేసినప్పుడు మేకప్ లేదు, గొంతు కూడా కలవలేదు. ఊరికే జారి పడిపోతుంటాడు, అంతే. అయినా ఫోర్డ్ అంటే తూలిపడేవాడని జనానికి ముద్ర పడిపోయింది. 1976 ఏప్రిల్‌లో ఫోర్డ్ ప్రెస్ సెక్రటరీయే వచ్చి ఆ షోకి హోస్ట్‌గా చేశాడు. రెండోది, మా ఇంటి నుంచి రష్యా కనబడుతుంది అని, ఉపాధ్యక్ష పదవికి పోటీ చేసిన అలాస్కా గవర్నర్ సారా పేలిన్ ఎప్పుడూ అనలేదు. 2008 స్కిట్‌లో ఆమె వేషం వేసిన టీనా ఫే అన్నది. ఇప్పటికీ చాలామంది పేలినే అన్నదనుకుంటారు.
మూడో ప్రశ్న, వార్తల గురించి, ఎవరూ ముట్టుకోలేదు.

కోర్టు_గుమాస్తా
చట్టం చూశారా? కేబుల్ టెలివిజన్ నిబంధనలు, 1994. ఆరో నిబంధనలో ప్రోగ్రామ్ కోడ్ ఉంది. జాతుల, భాషల, ప్రాంతాల వాళ్లను కించపరిచే, వ్యంగ్యమైన, చిన్నచూపు ధోరణిలో చూపించే కార్యక్రమం ప్రసారం చేయకూడదని అందులోనే ఉంది. పలాస తమ్ముడు ఫిర్యాదు పెట్టొచ్చు.

పంచ్_రైటర్_మాజీ
వ్యంగ్యం కూడా నిషేధమేనా? అయితే మా బతుకే నేరం.

కోర్టు_గుమాస్తా
రాసి ఉన్నది చెప్పాను. దాన్ని ఎవరైనా అమలు చేశారా అన్నది వేరే సంగతి.

పలాస_జీడిపప్పు
ఫిర్యాదు వద్దండి. ఫిర్యాదు చేసినవాడి మీద ఇంకో స్కిట్ వస్తుంది, అందులోనూ 'ఆయ్' అంటాడు.

ఏడురోడ్ల_టీ
తెలంగాణ యాసను కూడా ఒకప్పుడు ఇలాగే రౌడీలకో కమెడియన్లకో ఇచ్చేవాళ్లు. తర్వాత వీ6లో తీన్మార్ వచ్చింది, వార్తలే ఆ యాసలో. సావిత్రి, బిత్తిరి సత్తి మాట్లాడుతుంటే మనమూ రాత్రి భోజనాల దగ్గర కూర్చుని చూశాం. సత్తి వెక్కిరించింది నాయకుణ్ణి, ఆఫీసర్ని, చానెల్‌ని. యాసను కాదు. అదే నోరు, తిరిగిన వైపు వేరు. మన యాసకు అలాంటిది పడలేదు.

గంటస్తంభం_గడియారం
మన యాసకు వంగపండు ప్రసాదరావు చాలడా? ఆయన గజ్జె కట్టి పాడుతుంటే ఎవడికైనా నవ్వొచ్చిందా? ఒళ్లు జలదరించేది. 2020లో పోయారు. ఆ మాటలే వాచ్‌మన్ నోట్లో పెడితే నవ్వు ఎలా వస్తోంది?

ఏడురోడ్ల_టీ
ఇప్పుడు 'మన యాస' అయిందా? పొద్దున్న మీది వేరన్నావు.

గంటస్తంభం_గడియారం
పాటకి మనదే. 'నాను' మాత్రం మీదే ఉంచుకోండి.

నాగావళి_ఒడ్డున
తీన్మార్! ఇదేనండీ మూడో ప్రశ్నకి జవాబు. ఇలాంటివి ఇంకా?

ఉద్దానం_కొబ్బరి
టీవీలో కాదు గానీ మా ఊళ్లో ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చింది కదా. ఒక చానెల్ విలేకరి రెయిన్‌కోటు వేసుకుని, విరిగిన కొబ్బరి చెట్టు పట్టుకుని, గాలికి ఊగిపోతూ మాట్లాడుతున్నాడు. అప్పటికి గాలి తగ్గి పూటైంది. ఆయన వెనకాల మా చిన్నాన్న లుంగీలో, చేతిలో చెంబుతో తీరిగ్గా నడుచుకుంటూ పోయాడు. లైవ్‌లో పడ్డాడు. మర్నాడు వినాయక చవితి స్టేజీ మీద కుర్రాళ్లు దాన్ని స్కిట్ చేశారు.

సిరిమాను_మంగళవారం
అక్టోబరు తుపానుకి మర్నాడు వినాయక చవితి ఎలా వచ్చింది?

ఉద్దానం_కొబ్బరి
మరుసటి ఏడాది అని రాయబోయాను బాబూ. 2019. విలేకరి వేషం నేనే వేశాను. ఇద్దరు కుర్రాళ్లు బకెట్లతో నీళ్లు కొడుతుంటారు, ఒకడు టేబుల్ ఫ్యాన్ పట్టుకుంటాడు, నేను "ఇక్కడ పరిస్థితి చాలా భయానకంగా ఉంది" అంటుంటే చిన్నాన్న స్వయంగా చెంబుతో వచ్చి, "బావూ, కాస్త జరుగు, నాను ఎల్లాలి" అన్నాడు. జనం పడీ పడీ నవ్వారు. యాసకి కాదు, నాకు. రెండో అంకంలో పరిహారం లిస్టు రాయడానికొచ్చిన ఆఫీసరు ఉన్నాడు. పడిన చెట్లను లెక్కపెట్టడానికి కారు దిగడు, అద్దంలోంచి వేలుతో లెక్కపెడతాడు. అది మొదలయ్యే సరికి ఎవరో మైకు తీసేశారు. మైకు లేకుండానే ఆడాం.

వంశధార77
వీడియో ఉందా అన్నా?

ఉద్దానం_కొబ్బరి
సగం ఉంది. అవునూ, మా అవతలి తోట లెక్క అప్పుడు తప్పు రాశారు, దాని సంగతి ఇప్పుడెవర్ని అడగాలో కోర్టు గుమాస్తాగారు చెప్పగలరా?

కోర్టు_గుమాస్తా
పాస్‌బుక్ నకలు, అప్పటి లిస్టులో మీ పేరున్న పేజీ దగ్గర పెట్టుకుని నాకు విడిగా రాయండి.

నాగావళి_ఒడ్డున
అమ్మాయి ఆ సగం వీడియో అడుగుతోంది, విలేకరి ముక్క ఉన్నా చాలట. పేపర్ సోమవారం ఇవ్వాలి.

ఉద్దానం_కొబ్బరి
మా తమ్ముడి ఫోన్‌లో ఉందండి. కరెంటు పోయింది, నా దాంట్లో 4 శాతం ఉంది. పొద్దున్న పెడతాను.