నవంబరు 11 సన్మానం: ప్యాచ్‌లు ఆగాయి, ఈ రాత్రికి తేల్చాలి

కార్యదర్శి: మిగిలినవి: 1) కుర్చీలు 2) భోజనాలు 3) బ్యానర్ 4) వెటరన్లకు, అంటే అమెరికా సైన్యంలో పనిచేసినవాళ్లకు, 60 ప్యాచ్‌లు (బట్టల మీద కుట్టుకునే ఎంబ్రాయిడరీ బిళ్లలు). ఏది ఎవరిదో రాయండి.

ప్యాచ్‌ల టీం: నాలుగోది ఆగిపోయింది. ఆర్మీ, నేవీ, మెరీన్ చిహ్నాలు ట్రేడ్‌మార్కులట. లైసెన్సు చూపిస్తే తప్ప కుట్టమని షాపువాళ్లు డిజైన్ వెనక్కి పంపారు.

కోశాధికారి: అడ్వాన్సు తీసుకున్నాకా చెప్పేది? మనమేమీ అమ్ముకోవట్లేదు కదా!

ప్యాచ్‌ల టీం: మనం ఊరికే పంచినా, డబ్బు తీసుకుని కుట్టేది వాళ్లు. మెరీన్ కోర్‌కి ఈ లైసెన్సులు చూడ్డానికే ప్రత్యేకంగా ఆఫీసుంది. ఇప్పుడు అడిగితే పదకొండుకి అందదు.

హాలు టీం: ఉత్త నక్షత్రం చాలని ఆ రోజే అన్నాను. ఎవరైనా విన్నారా?

ప్యాచ్‌ల టీం: అన్నారు సరే, డిజైన్ గీసిచ్చారా?

కోశాధికారి: ఆ గొడవ తర్వాత. ఇంకో షాపుకి అర్జెంటు చార్జీ కట్టే డబ్బు మాత్రం లేదు.

కల్చరల్ టీం: ఇంట్లోనే కుట్టేద్దాం. మా ఎంబ్రాయిడరీ మెషిన్ హూప్ (గుడ్డ బిగించే చట్రం) 4 అంగుళాలు, కాబట్టి ప్యాచ్ మూడున్నర దాటకూడదు. మధ్యలో నక్షత్రం, కింద ‘వందనం’. మొన్నటి ‘కృతజ్ఞతలు’ వద్దు. ఆ సైజులో ‘కృ’, ‘జ్ఞ’ దారంతో పూడిపోయి ముద్దవుతాయి. నేపథ్యం దారంతో నింపకుండా నీలం ట్విల్ గుడ్డనే వదిలేస్తే 9,000 కుట్లు. నిమిషానికి 600 లెక్కన పావుగంట. రంగులు మార్చడం, హూప్ బిగించడం కలిపి పాతిక నిమిషాలు.

కోశాధికారి: అరవైకి 25 గంటలు! పేర్లిచ్చింది 41 మందే. 45 చాలు.

హాలు టీం: మా ఇంట్లో జానోమే కంపెనీ ఎంబ్రాయిడరీ మెషిన్ ఉంది. సగం నేను కుడతాను, అది చదివే జెఫ్ (JEF) డిజైన్ ఫైలు పంపండి అక్కా.

కల్చరల్ టీం: ఈ రాత్రే పంపుతా. గుడ్డ కింద ఆసరాగా వేసే స్టెబిలైజర్, నీళ్లలో కరిగేది, గుడ్డలా ఉండే రకం, రెండు పొరలు వెయ్యి తమ్ముడూ. ఒక్కటే వేస్తే అంచున ఒత్తుగా పడే శాటిన్ కుట్టు లాగేసి గుండ్రం కాస్తా కోడిగుడ్డవుతుంది. ట్విల్ పాలిస్టరే కొనండి. సోల్డరింగ్ ఐరన్‌తో కోస్తే అంచు కరిగి పోగులు రావు; నూలుది కాలుతుంది.

ప్యాచ్‌ల టీం: వెనక ఇస్త్రీ జిగురు?

కల్చరల్ టీం: వద్దు. చాలామందివి తోలు వెస్టులు. జిగురు నిలవదు, వేడికి తోలు ముడుచుకుపోతుంది. వాళ్లే కుట్టించుకుంటారు.

కార్యదర్శి: సోల్డరింగ్ ఐరన్ నా దగ్గరుంది. 45 గుండ్రాలూ శనివారం మా గరాజ్‌లో కోసేద్దాం. పొగొస్తుంది కాబట్టి తలుపు తీసే ఉంచుతాను. కొలతకి రేకు మూత ఏదైనా తెండి, ప్లాస్టిక్‌ది కరిగిపోతుంది.