అంబాసిడర్ వెనుక కమాను కట్టలు: మలుపుల్లో పట్టు కోసం ఎలాంటివి వేయించాలి?

విశాఖ అంబాసిడర్ (ప్రశ్న):
మా అంబాసిడర్ ఒకప్పుడు టాక్సీగా తిరిగింది. అప్పటి యజమాని బరువు కోసం వెనుక కమాను కట్టలకు (ఉక్కు పట్టీలు పేర్చిన లీఫ్ స్ప్రింగులకు) ఒక్కో పట్టీ అదనంగా వేయించారు. ఇప్పుడు బండిలో చాలావరకు ఇద్దరమే ప్రయాణిస్తున్నాము. ఖాళీగా ఉన్నప్పుడు వెనుక భాగం ఎత్తుగా నిలుస్తోంది. అరకు ఘాట్ రోడ్డులో గతుకుల మలుపు వస్తే వెనుక చక్రాలు ఎగిరి పక్కకు జరుగుతున్నాయి. ఇంకా మందమైన పట్టీలు వేస్తే బండి ఒరగకుండా ఉంటుందని ఒక మెకానిక్ చెబుతున్నారు. వేయించమంటారా?

పాతబండి ప్రియుడు:
ఒరగడం తగ్గుతుంది కానీ పట్టు పెరగదండీ. వెనుక కట్టలను మాత్రమే గట్టిపరిస్తే మలుపులో బయటివైపు వెనుక చక్రం మీద భారం ఎక్కువై, ముందు చక్రాల కంటే ముందుగా వెనుకవే జారుతాయి. వానలో ఇది మరీ ప్రమాదకరం. పైగా అదే పొడవు, వెడల్పు గల 6 మిల్లీమీటర్ల పట్టీ స్థానంలో 7 మిల్లీమీటర్లది వేస్తే, ఆ పట్టీ గట్టిదనం దాదాపు 59 శాతం పెరుగుతుంది.

ఎత్తు విషయం అంతకంటే ముఖ్యమైనది. కట్ట ముందు కొనను బాడీకి బిగించే బోల్టు చుట్టూ ఇరుసు పైకీ కిందికీ కదులుతుంది. వెనుక భాగం లేచి ఆ బోల్టు ఇరుసు కంటే పైకి చేరితే, బండి ఒరిగినప్పుడు బయటి చక్రం కాస్త వెనక్కి, లోపలి చక్రం కాస్త ముందుకు జరుగుతాయి. అంటే మీరు స్టీరింగ్ తిప్పకపోయినా ఇరుసు తనంతట తానే మలుపుకు బయటివైపు తిరుగుతుందన్నమాట. అందువల్ల అదనపు పట్టీ తీయించి, కంపెనీ మందం, కంపెనీ వంపు ఉన్న కట్టలే వేయించండి.

ఆటోనగర్ మేస్త్రీ:
నేను పై మాటతో ఏకీభవిస్తాను. అయితే పట్టీ తీసినప్పుడు కట్టను ఇరుసుకు బిగించే యూ బోల్టులు, పట్టీలను మధ్యలో కలిపి పట్టే సెంటర్ బోల్టు కూడా కొత్తవి వేయించండి. పాత యూ బోల్టులు సాగి ఉంటాయి. సెంటర్ బోల్టు రంధ్రం దగ్గర సన్నని బీటలు ఉన్నాయేమో చూడకుండా పాత మెయిన్ పట్టీని (కట్టలో అన్నిటికంటే పొడవైనదాన్ని) వాడవద్దు. పాతవాటినే సుత్తితో కొట్టి వంపు తెప్పిస్తామనేవారు ఉంటారు; సరిగా వేడిచేసి టెంపర్ చేయకపోతే కొద్ది కాలానికే మళ్లీ కూర్చుంటాయి. పట్టీల మధ్య తుప్పు పట్టినా కట్ట బిగుసుకుపోయి, చిన్న గతుకుకే బండి ఎగురుతుంది. తుప్పు గీకి గ్రాఫైట్ గ్రీజు పూయించండి.

గోదావరి డ్రైవర్:
గతుకు మీద ఎగురుతోందంటే మొదట షాక్ అబ్జార్బర్లను అనుమానించాలి. అవి చచ్చిపోతే ఏ కట్టలు వేసినా ఫలితం ఉండదు. ఇంకొక మాట, పండక్కి ఐదుగురు సామానుతో ఊరికి వెళ్లే అలవాటుంటే, ఆ బరువుతో వెనుక భాగం ఎంత కిందికి దిగుతోందో చూశాకే పట్టీ తీయించండి.

విశాఖ అంబాసిడర్:
ధన్యవాదాలండీ, అలా బరువు వేసేది అరుదే. కట్ట కొనల్లో బోల్టు చుట్టూ ఉండే బుష్‌లు రబ్బరువి వేయించాలా, గట్టి ప్లాస్టిక్ లాంటి పాలీయురేథేన్‌వా?

ఆటోనగర్ మేస్త్రీ:
రబ్బరువే వేయించండి. బండి ఒరిగినప్పుడు కట్ట కాస్త మెలితిరగాలి; మరీ గట్టి బుష్ దాన్ని అడ్డుకుంటుంది. బుష్ బోల్టులను మాత్రం బండిని జాకీ మీద నుంచి దించి, చక్రాల మీద నిలబెట్టిన తరువాతే పూర్తిగా బిగించమనండి. గాలిలో ఉండగా బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉండి త్వరగా చిరిగిపోతుంది.