పది లక్షల సంతకాలు వచ్చినా తుది మాట కమిషన్‌దేనా?

చర్చ ప్రారంభం: పరిశోధక విద్యార్థిని

యూరోపియన్ యూనియన్‌లో పౌరుల అభిప్రాయం అడిగే ఏర్పాట్లకు కొదవ లేదు. ఆ అభిప్రాయం చట్టంగా మారే దారి మాత్రం నాకు కనిపించడం లేదు. 1979లో యూరోపియన్ పార్లమెంటుకు తొలి ప్రత్యక్ష ఎన్నికలు జరిగినప్పుడు దాదాపు 62 శాతం పోలింగ్ నమోదైంది. ఆ తర్వాత పార్లమెంటు అధికారాలు పెరుగుతూ వచ్చినా పోలింగ్ 2014 నాటికి 43 శాతం లోపుకు పడిపోయింది. 2019లో, 2024లో 51 శాతానికి చేరువై అక్కడే ఆగింది. ఓటర్లు వీటిని రెండో శ్రేణి జాతీయ ఎన్నికలుగా చూస్తారని, సొంత దేశపు ప్రభుత్వంపై మెప్పో కోపమో ఇక్కడ తీర్చుకుంటారని రాజనీతి శాస్త్రవేత్తలు రైఫ్, ష్మిట్ 1980లో చెప్పిన వివరణ ఇప్పటికీ పరిశోధకులకు ఆధారంగానే ఉంది.

ఈ వెలితిని తీర్చడానికే 2012 ఏప్రిల్‌లో సిటిజన్స్ ఇనిషియేటివ్ అమల్లోకి వచ్చింది. కనీసం ఏడు సభ్యదేశాల నుంచి మొత్తం పది లక్షల సంతకాలు సేకరిస్తే, యూనియన్‌లో చట్టాలను ప్రతిపాదించే యూరోపియన్ కమిషన్ జవాబివ్వాలి, కానీ చట్టం ప్రతిపాదించి తీరాలన్న నియమం లేదు. జంతువులను బోనుల్లో పెంచడం ఆపాలని సుమారు 14 లక్షల మంది కోరగా, 2023 చివరికల్లా చట్ట ప్రతిపాదన తెస్తామని కమిషన్ 2021 జూన్‌లో మాట ఇచ్చింది. 2023 డిసెంబరులో జంతువుల రవాణాపై ప్రతిపాదన వచ్చింది తప్ప బోనులపై రాలేదు. మాట తప్పినవారిని నిలదీసే అధికారం సంతకం చేసినవారికి ఉండాలా, వద్దా?

సమాధానం: న్యాయశాస్త్ర అధ్యాపకుడు

అమ్మా, మీ ఆవేదనతో నాకు పేచీ లేదు, కానీ మీరు సూచించే మందు రోగం కంటే ప్రమాదకరమైనది కావచ్చు. యూనియన్ జనాభా దాదాపు 45 కోట్లు. పది లక్షలంటే 450 మందిలో ఒకరు. అంతమంది కోరినంత మాత్రాన కమిషన్ కట్టుబడాలంటే, డబ్బూ యంత్రాంగమూ ఉన్న సంఘాల మాటే చెల్లుతుంది. పార్లమెంటుతో కలిసి చట్టాలను ఆమోదించే కౌన్సిల్‌లో కూర్చునే మంత్రులు తమ దేశాల్లో ఎన్నికైన ప్రభుత్వాల ప్రతినిధులే కనుక యూనియన్ నిర్ణయాలపై పౌరులకు పట్టు లేదనే ‘ప్రజాస్వామ్య లోటు’ అన్న మాటే అతిశయోక్తి అని రాజనీతి శాస్త్రవేత్త ఆండ్రూ మొరావ్‌చిక్ వాదించారు. ఆ వాదన మొత్తాన్నీ నేను ఒప్పుకోను గానీ, ఆయన చూపిన జవాబుదారీతనపు గొలుసు నిజమైనదే.

సమాధానం: బెర్లిన్ నివాసి

నేను ఉద్యోగరీత్యా జర్మనీలో ఉంటున్న భారత పౌరుణ్ణి కనుక యూరోపియన్ ఎన్నికల్లో ఓటు వేయలేను, ఇనిషియేటివ్‌లో సంతకమూ పెట్టలేను. అయితే యూరోపియన్ పార్లమెంటుకు పిటిషన్ పెట్టుకునే హక్కు పౌరసత్వంతో పని లేకుండా ఇక్కడ నివసించే వారందరికీ ఉంది. ఈ విషయం మనవాళ్లలో చాలామందికి తెలియదు.

ఇక అసలు విషయానికి వస్తే, నీటి హక్కు కోసం సాగిన ఇనిషియేటివ్‌ను మీరిద్దరూ ప్రస్తావించలేదు. అందులో చెల్లుబాటైన 16 లక్షలకు పైగా సంతకాల్లో అధిక భాగం జర్మనీవే. అప్పుడు చర్చలో ఉన్న కన్సెషన్ కాంట్రాక్టుల (ప్రజాసేవల నిర్వహణను కంపెనీలకు అప్పగించే ఒప్పందాల) నిబంధనల వల్ల తాగునీటిని ప్రైవేటు కంపెనీలకు అప్పగించే దారి తెరుచుకుంటుందన్న భయం అప్పట్లో ఇక్కడ బలంగా ఉండేది. ఫలితంగా 2013లో, సంతకాలు ఇంకా సమర్పించకముందే, ఆ నిబంధనల పరిధి నుంచి నీటిని తప్పించారు. బలహీన వర్గాలకు తాగునీరు అందేలా సభ్యదేశాలు చర్యలు తీసుకోవాలన్న నిబంధన 2020 నాటి తాగునీటి డైరెక్టివ్‌లో (సభ్యదేశాలు తమ చట్టాల ద్వారా అమలు చేయాల్సిన యూనియన్ చట్టంలో) చేరింది. చట్టపరమైన నిర్బంధం లేకపోయినా ఒత్తిడి పనిచేసిందని దీన్నిబట్టి ఒప్పుకోవాలి.

ప్రతిస్పందన: పరిశోధక విద్యార్థిని

నీటి ఉద్యమం గెలవడానికి కారణాలను కూడా చూడాలండీ. జనాభాలో అతిపెద్ద సభ్యదేశమైన జర్మనీలో కార్మిక సంఘాలు దాని వెనుక నిలిచాయి, పైగా అప్పటికే ఒక చట్టం చర్చలో ఉంది. ఆ రెండూ కలిసిరాని ఉద్యమాలకు కమిషన్ దయే దిక్కు.

అధ్యాపకులు గారు లేవనెత్తిన 450 మందిలో ఒకరన్న అభ్యంతరం బలమైనదే. దానికి జవాబు యూరప్ భవిష్యత్తుపై 2021–22లో జరిగిన సదస్సులోనే ఉందని నా నమ్మకం. లాటరీ పద్ధతిలో ఎంపికైన 800 మంది, వారిలో మూడో వంతు 16–25 ఏళ్ల యువత, 24 భాషల్లో అనువాదకుల సాయంతో మాట్లాడుకున్నారు. వారి సిఫారసుల ఆధారంగా రూపొందిన 49 ప్రతిపాదనలు 2022 మే 9న యూనియన్ సంస్థల చేతికి అందాయి. సరిగ్గా అదే రోజున, యూనియన్‌కు ఆధారమైన ఒప్పందాల సవరణకు తొందరపడవద్దంటూ 13 సభ్యదేశాలు ఉమ్మడి పత్రం విడుదల చేశాయి. ఆ పౌరుల శ్రమను గుర్తుచేసుకుంటే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది.

కమిషన్ చేతులు కట్టేయాలని నేను అనడం లేదు. పది లక్షల సంతకాలు వచ్చిన ప్రతి కోరికనూ లాటరీతో ఎంపికైన 150 మంది పౌరుల ముందు ఉంచాలి. వారు నిపుణులనూ, వ్యతిరేకులనూ విని ఇచ్చిన అభిప్రాయంపై పార్లమెంటులో గడువులోగా బహిరంగంగా ఓటింగ్ జరగాలి. అప్పుడు డబ్బున్న సంఘం సంతకాలు సేకరించినా నిర్ణయంపై ప్రభావం చూపేది సామాన్యుల విచారణే అవుతుంది. ఆహార వృథా వంటి అంశాలపై 150 మందితో ఇలాంటి బృందాలను కమిషన్ ఇప్పటికే నడిపింది కనుక, ఇందుకు ఒప్పందాలను సవరించాల్సిన అవసరమూ లేదు.