టైటానియా నానోట్యూబుల నుంచి హైడ్రోజన్ ఎందుకు తక్కువగా వస్తోంది?

వెలుగుబాట:
10 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో టైటానియం డయాక్సైడ్ (టైటానియా) పొడి కలిపి, ఆటోక్లేవులో (ఒత్తిడిని తట్టుకునే మూసిన పాత్రలో) 130 డిగ్రీల వద్ద ఉంచి నానోట్యూబులు (అతి సన్నని గొట్టాలు) తయారుచేస్తున్నాను. గొట్టాలు చక్కగానే ఏర్పడుతున్నాయి గాని, నీటి నుంచి హైడ్రోజన్ తీయడానికి నీటిలో కలిపి ఎండలో పెడితే మామూలు పొడి ఇచ్చినంత హైడ్రోజన్ కూడా రావడం లేదు. ఈ పని చేసినవారు దయచేసి చెప్పగలరు.

స్ఫటికం:
ముందు కడగడం చూడండి. ఆటోక్లేవులోంచి తీసిన తెల్లటి ముద్దలో సోడియం టైటనేట్ ఉంటుంది. సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడిగితేనే సోడియం పోయి దాని స్థానంలోకి హైడ్రోజన్ అయాన్లు చేరతాయి. సోడియం మిగిలిపోతే ఎంత కాల్చినా అనటేజ్ (మనకు కావలసిన టైటానియా స్ఫటిక రూపం) సరిగా ఏర్పడదు. తర్వాత మఫిల్ ఫర్నేసులో 400 డిగ్రీల వరకు నెమ్మదిగా వేడి పెంచండి. వేడి మరీ ఎక్కువైతే గొట్టాలు కూలి కడ్డీలుగా, రేణువులుగా మారతాయి; తక్కువైతే స్ఫటికత చాలక, వెలుతురుకు పుట్టిన ఎలక్ట్రాన్లు, హోల్స్ (ఎలక్ట్రాన్లు వదిలివెళ్లిన ధనావేశ ఖాళీలు) ఉపరితలం చేరకముందే మళ్లీ కలిసిపోతాయి. నా అనుభవంలో ఆకారం కన్నా స్ఫటికతే ముఖ్యం.

తుంగభద్ర:
స్ఫటికం గారి మాట టైటానియాకు సరిపోతుంది గాని, నేను పనిచేసే హెమటైట్‌కు (ఒక ఐరన్ ఆక్సైడ్) ఆకారమే ప్రాణం. అందులో హోల్ 2 నుంచి 4 నానోమీటర్లకు మించి సాగలేదు. వెలుతురును పూర్తిగా పీల్చుకోవాలంటే మాత్రం పూత అంతకు ఎన్నో రెట్లు మందంగా ఉండాలి. సన్నని కడ్డీలు నిలువుగా పెరిగితే, పొడవునా వెలుతురు పీల్చుకుంటూనే హోల్స్‌ను పక్కనే ఉన్న నీటికి అందిస్తాయి. ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణంలో ఉంచిన వాహక గాజుపై మొదట పసుపు పూత పడుతుంది, 550 డిగ్రీల వద్ద కాలిస్తే అది ఎర్రబడుతుంది. అయితే బయటి నుంచి కొంత వోల్టేజి ఇవ్వనిదే ఇది హైడ్రోజన్ ఇవ్వదు.

వెలుగుబాట:
ఇద్దరికీ ధన్యవాదాలు. ఆమ్లంతో మళ్లీ కడిగి, ఎక్స్‌ఆర్‌డీ (స్ఫటిక నిర్మాణం చూపే ఎక్స్-కిరణ పరీక్ష) తీయిస్తాను. గ్లిజరాల్ కలపమని కొందరు అంటున్నారు, కలపవచ్చా?

నీలిమంట:
కలపవచ్చు. గ్లిజరాల్ హోల్స్‌ను తీసుకుంటుంది కాబట్టి ఎలక్ట్రాన్లు వాటితో కలిసిపోకుండా మిగిలి హైడ్రోజన్ పెరుగుతుంది, కొద్దిగా ప్లాటినం గాని రాగి ఆక్సైడ్ గాని చేరిస్తే ఇంకా పెరుగుతుంది. కాని దాన్ని నీటి విభజన అని మాత్రం రాయకండి. అసలు విభజనలో హైడ్రోజన్, ఆక్సిజన్ 2:1 నిష్పత్తిలో రావాలి. అది ఎంత కష్టమో చెప్పాలంటే, 2021లో జపాన్ పరిశోధకులు 100 చదరపు మీటర్ల స్ట్రాన్షియం టైటనేట్ పలకలతో ఆరుబయట సాధించిన గరిష్ఠ సామర్థ్యం (సౌరశక్తిలో హైడ్రోజన్‌గా మారిన వంతు) 0.76 శాతమే. పైగా అనటేజ్ బ్యాండ్ గ్యాప్ (ఎలక్ట్రాన్‌ను విడిపించడానికి కాంతికి ఉండాల్సిన కనీస శక్తి) 3.2 ఎలక్ట్రాన్ వోల్టులు కాబట్టి, ఎండలో సుమారు 5 శాతంగా ఉండే అతినీలలోహిత కాంతే మీకు పనికొస్తుంది. వెలుతురు పెట్టకముందు నైట్రోజన్‌తో గాలిని తోసివేసి, చీకటిలో ఒకసారి, ఉత్ప్రేరకం లేకుండా ఒకసారి గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లో (వాయువులను వేరుచేసి కొలిచే పరికరంలో) నమూనా చూడండి. దీపం, పాత్ర వేరైనప్పుడు గ్రాముకు ఇన్ని మైక్రోమోల్స్ అన్న అంకెను ఇతరుల అంకెతో పోల్చకుండా, క్వాంటం సామర్థ్యం (పడిన కాంతి కణాల్లో హైడ్రోజన్ తయారీకి ఉపయోగపడిన వంతు) లెక్కగట్టి ఇక్కడ పెట్టండి.